సింగపూర్‌లో శుక్రవారం రాత్రి
సింగపూర్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి ఒక మాట. గార్డెన్స్ బై ద బేలో రాత్రి 7:45కో 8:45కో దీపాల ప్రదర్శన చూడండి, టికెట్ అక్కర్లేదు. తర్వాత లావ్ పా సాట్ అనే తిండి దుకాణాల మార్కెట్ పక్క వీధికి వెళ్లండి. సాయంత్రం 7 దాటాక అక్కడ వాహనాలు ఆపేసి, రోడ్డు మీదే బల్లలు వేసి, బొగ్గుల మీద సాటే, అంటే పుల్లలకు గుచ్చిన మాంసం ముక్కలు, కాలుస్తారు. ఖాళీ బల్ల మీద టిష్యూ పొట్లం కనిపిస్తే కూర్చోకండి. మన బస్సుల్లో సీటు మీద వేసిన తువ్వాలు లాంటిదే అది! రాత్రి 10:30 దాటితే దుకాణాల్లో మద్యం అమ్మరు, రోడ్డు మీద తాగడమూ నేరమే. మెట్రో రైళ్లు అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతాయి. 12 దాటితే టాక్సీ మీటరుపై సగం అదనం. కబుర్లలో పడి నేను ఆ సగం చాలాసార్లే కట్టాను.