పాలు పడట్లేదా, గోధుమ పడట్లేదా? తేల్చుకునే పద్ధతి

కడుపు ఉబ్బరం, గ్యాస్, నీళ్ల విరేచనాలు. పాలు పడకపోయినా ఇవే, గోధుమ పడకపోయినా ఇవే. పైగా రెండూ చాలాసార్లు ఒకే పూట కడుపులోకి వెళ్తాయి: రాత్రి చపాతీ, పడుకునే ముందు గ్లాసుడు పాలు, సేమ్యా పాయసం, టీలో ముంచిన బిస్కెట్. అందుకే చాలామంది రెండూ ఒకేసారి మానేస్తారు. కడుపు కుదుటపడుతుంది గానీ దేనివల్లో తేలదు. ముందు పాలు మాని చూడండి. గోధుమ మాత్రం రక్తపరీక్ష, డాక్టరు చెప్పే మిగతా పరీక్షలు అయ్యేదాకా మానొద్దు.

ఈ వరస ఎందుకంటే, సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు గోధుమ, బార్లీలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే పేగు లోపలి పొర దెబ్బతింటుంది, రక్తంలో కొన్ని యాంటీబాడీలు పెరుగుతాయి. టీటీజీ–ఐజీఏ అనే రక్తపరీక్ష కొలిచేది వాటినే. గోధుమ మానేస్తే అవి తగ్గిపోయి, జబ్బున్నా రిపోర్టు నార్మల్‌గా రావచ్చు. ఇప్పటికే మానేసినవాళ్లు డాక్టరుతో మాట్లాడి, కనీసం 6 వారాలు రోజూ రెండు పూటలైనా గోధుమ తిన్నాకే పరీక్షకు వెళ్లాలి. ఐజీఏ అనేది ఒక రకం యాంటీబాడీ, అది ఒంట్లో మొత్తం ఎంత ఉందో చూసే పరీక్ష కూడా రాయించుకోండి. కొందరిలో అది సహజంగానే తక్కువ. వాళ్లకు మొదటి పరీక్ష ఒక్కటే చేస్తే జబ్బు దొరక్కుండా పోవచ్చు.

ఇక పాల సంగతి ఇంట్లోనే చూసుకోవచ్చు. పాలు తాగితే దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వచ్చేవాళ్లు మాత్రం ఇది చేయకూడదు, అది అలర్జీ.

మొదటి వారం ఏమీ మార్చకుండా, ఏం తిన్నారో, ఎన్నింటికి తిన్నారో, కడుపు ఎప్పుడు తిరగబడిందో రాసుకోండి. పాలలోని చక్కెర లాక్టోజ్ పడకపోతే సాధారణంగా అరగంట నుంచి రెండు మూడు గంటల్లో గుడగుడ మొదలవుతుంది. రెండో వారం పాలు, కాఫీ టీల్లో పాలు, ఐస్‌క్రీం, కోవా, పాలపొడి కలిసిన బిస్కెట్లు ఆపేయండి. పెరుగులో తోడు బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ని తినేస్తుంది కాబట్టి చాలామందికి పడుతుంది, అయినా ఈ వారం వద్దు. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు, వేసుకోవచ్చు.

తర్వాత ఒకరోజు పరగడుపున 250 మి.లీ. పాలు తాగి, 3 గంటలు ఇంకేమీ తినకుండా చూడండి. అందులో సుమారు 12 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. కాఫీ పొడి కలపొద్దు, కాఫీ కూడా పేగుల్ని కదిలిస్తుంది. రెండు రోజులాగి అంతే కొలతలో లాక్టోజ్ లేని పాలు తాగండి. ఏ రోజు ఏ పాలో మీకు తెలియకుండా ఇంట్లోవాళ్లు ఇస్తే ఇంకా నమ్మకం. లాక్టోజ్ లేని పాలు కాస్త తియ్యగా ఉండి పట్టిచ్చేస్తాయి కాబట్టి, షుగర్ జబ్బు లేకపోతే రెండింట్లోనూ చెంచా పంచదార వేయించండి. మామూలు పాలకే ఇబ్బంది అయితే లాక్టోజే. రెండింటికీ అయితే కారణం వేరే. సందేహం మిగిలితే ఆస్పత్రిలో ఊపిరిలోని హైడ్రోజన్‌ని కొలిచే హైడ్రోజన్ బ్రెత్ టెస్ట్ ఉంది.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే: పాలు పడట్లేదని తేలగానే గోధుమ నిర్దోషి అనుకుంటారు. లాక్టోజ్‌ని అరిగించే ఎంజైమ్ పేగు పొర మీది సన్నటి వేళ్లలాంటి మొనల్లో ఉంటుంది. సీలియాక్‌లో ముందు దెబ్బతినేవి ఆ మొనలే. అంటే గోధుమ చేసిన గాయం వల్ల పాలు పడకుండా పోవచ్చు. బరువు తగ్గుతున్నా, ఐరన్ మాత్రలు వాడినా రక్తం పెరగకపోయినా, పిల్లలు ఎదగకపోయినా లాక్టోజ్ ఒక్కదాని మీదే తోసేయకండి, దానివల్ల ఇవి రావు. విరేచనంలో రక్తం పడినా, రాత్రి నిద్రలో లేచి పరుగెత్తాల్సి వస్తున్నా ఈ ప్రయోగాలు వదిలేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

గోధుమ తింటుండగా చేసిన పరీక్ష నార్మల్ వచ్చి, అయినా చపాతీ పడకపోతే ఉల్లి, వెల్లుల్లి సంగతీ గమనించండి. వాటికీ ఉబ్బరిస్తే గ్లూటెన్ కన్నా, గోధుమలోనూ వీటిలోనూ ఉండే ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం మీద అనుమానం ఎక్కువ.

పరీక్ష పాజిటివ్ వస్తే సాధారణంగా ఎండోస్కోపీలో పేగు ముక్క తీసి నిర్ధారిస్తారు. ఆ తర్వాతే గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, బార్లీ జీవితాంతం బంద్. బియ్యం, జొన్న, రాగి, సజ్జ, కొర్రలకు ఢోకా లేదు, పిండి మాత్రం గోధుమ ఆడించే మరలో పట్టించొద్దు. ఇంగువ పొడిలో తరచూ గోధుమ పిండి కలుస్తుంది, డబ్బా మీద చదవండి. మాల్ట్ పొడుల్లో చాలావాటిలో బార్లీ, పాలు రెండూ ఉంటాయి. పేగు మానడానికి నెలలు పడుతుంది. పేగు మానాక పాలు 100 మి.లీ.తో మళ్లీ మొదలుపెట్టి చూడండి, చాలామందికి పడతాయి.