వెదురు వీపు, చేవకర్ర పొట్ట: 45 పౌండ్ల విల్లు చేసే పద్ధతి

మధ్య భారతంలో ఆదివాసులు చేసుకునే విల్లు చాలాచోట్ల పూర్తిగా వెదురే, నారి కూడా వెదురు బద్దే. ఇక్కడ చెప్పేది వేరే రకం. గురివైపు ఉండే వీపుకు పల్చటి వెదురు బద్ద, విలుకాడి వైపు ఉండే పొట్టకు చేవదేరిన కర్ర పెట్టి, రెండిటినీ జిగురుతో అతికించి తీసే పొడవాటి విల్లు ఇది. లాగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. సాగదీతకు వెదురు బాగా ఓర్చుకుంటుంది. అందుకే బద్ద మందమైతే మేలనుకుని చాలామంది పొరపడతారు. మందం బద్ద సాగనని మొండికేస్తుంది, ఆ భారమంతా పొట్టమీద పడుతుంది. ఇలాంటి విల్లు వెదురు తెగి పోవడం కన్నా పొట్ట నలిగి పోవడమే ఎక్కువ.

కింది కొలతలన్నీ 28 అంగుళాల లాగుడుకు, 45 పౌండ్ల బలానికి, అంటే నారిని అంత దూరం లాగడానికి పట్టే బలానికి. నారి గాడి నుంచి గాడికి 68 అంగుళాలు. కర్ర, బద్ద మాత్రం 72 అంగుళాలు తీసుకోండి, కొనలు చివర్లో కోసుకోవచ్చు.

బొంగు మూడేళ్లు దాటిన ముదురుది కావాలి. వానలు వెనక్కి తగ్గాక నరికినదైతే మంచిది. పిండిపదార్థం ఎక్కువున్న బొంగును పుచ్చుపురుగు వదలదు. లావు ఇంకా ముఖ్యం. 4 అంగుళాల బొంగు నుంచి 32 మిల్లీమీటర్ల వెడల్పు బద్ద చీల్చి, లోపలివైపు అంచులు కత్తిలా పల్చబడేదాకా చిత్రిక పడితే నడుమ మందం సుమారు 2.6 మిల్లీమీటర్లు మిగులుతుంది. అదే 2 అంగుళాల బొంగైతే దాని గుండ్రం ఎక్కువ కాబట్టి నడుమ దాదాపు 6 మిల్లీమీటర్లు ఉండిపోతుంది. అంత మందం ఏ పొట్టా మోయలేదు. లాఠీలకు వాడే గట్టి వెదురు ఎంత బలమైనదైనా ఈ పనికి రాకపోవడానికి కారణం ఈ గుండ్రమే.

బద్ద చీల్చాక నీడలో ఆరబెట్టి, తర్వాత లోపలివైపు చదును చేయండి. పిడి దగ్గర నడుమ మందం 3 మిల్లీమీటర్లు, అంచు అర మిల్లీమీటరు ఉండాలి. కొనకు వచ్చేసరికి నడుమ ఒకటిన్నర నుంచి 2. బలమైన పోగులు పైతొక్క కింద దట్టంగా ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ పల్చబడతాయి. కాబట్టి తీసేదంతా లోపలి నుంచే. పైన మైనంలాంటి పొరను మాత్రం కత్తి అంచుతో గీకండి. కణుపుల దగ్గర ఆశ పనికిరాదు: పొడుచుకొచ్చిన గట్టును ఆకురాయితో కాస్త మొద్దు చేసి ఆపాలి. కణుపును నున్నగా చదును చేస్తే పోగులు తెగుతాయి, తర్వాత పీచు లేచేది అక్కడే.

పొట్టకర్రకు ఈపే అనే దక్షిణ అమెరికా గట్టి కర్ర దొరికితే అదే వాడండి. బయటి డెక్కులకు పలకలుగా అమ్ముతారు, నలుగుడుకు బాగా తట్టుకుంటుంది. దాని దుమ్ము గొంతులో మంట పెడుతుంది, ముక్కుకు గుడ్డ కట్టుకునే పని చేయాలి. మన అడితుల్లో అడిగితే చిరుమాను, నల్లమద్ది దొరకవచ్చు. టేకు ఎక్కడైనా దొరుకుతుంది కానీ 45 పౌండ్లకు దాన్ని నమ్మొద్దు. వెడల్పు 40 మిల్లీమీటర్లకు పెంచి 35 పౌండ్ల దగ్గర ఆగితే పనిచేస్తుంది. ఏ కర్రయినా నార పలక పొడవునా నేరుగా నడవాలి, ముడి ఉండకూడదు.

పలక వెడల్పు పిడి నుంచి సగం దూరం వరకు 32 మిల్లీమీటర్లు, అక్కడి నుంచి కొనకు 12కి సన్నగిల్లాలి. ఈపే అయితే మందం పిడి వాలు దగ్గర 13, కొనల దగ్గర 9. తేలిక కర్రకు రెండేసి మిల్లీమీటర్లు కలుపుకోండి. ఈ వాలు జిగురుకు ముందే తీయాలి. మందం పదోవంతు తగ్గితే బిగువు నాలుగోవంతుకు పైగా పడిపోతుందని గుర్తుంటే చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది. వెడల్పు పదోవంతు తగ్గిస్తే బిగువు తగ్గేది పదోవంతే.

అతికించడానికి నిదానంగా గట్టిపడే రెండు ట్యూబుల ఎపాక్సీ వాడండి. ఐదు నిమిషాల రకం వద్దు, సగం పూసేలోపే గడ్డకడుతుంది. రెండు ముఖాలనూ విరిగిన రంపపు బ్లేడుతో నిలువుగా గీసి గరుకు చేయండి. ఈపే, టేకు నూనె కర్రలు కాబట్టి జిగురు పూయబోయే ముందు తెల్లగుడ్డను అసిటోన్‌తో తడిపి, గుడ్డకు రంగు అంటడం ఆగేదాకా తుడవండి. నిన్న తుడిచి ఇవాళ అతికిస్తే లాభం లేదు, నూనె మళ్లీ పైకి వస్తుంది. బద్దను కర్రమీద పెట్టి వెలుతురుకు ఎత్తి చూసినప్పుడు సందు కనబడితే మళ్లీ చిత్రిక పట్టాల్సిందే.

గుండ్రటి బద్దమీద క్లాంపు నేరుగా ఆనదు. పాత సైకిల్ ట్యూబును అంగుళం వెడల్పు పట్టీలుగా కోసి, కొన నుంచి కొనకు లాగి బిగుతుగా చుట్టండి. ఒత్తిడి అంతటా సమానంగా పడుతుంది, అంచుల వెంట జిగురు పూసలుగా ఉబికి వస్తుంది. పూసలు రాని చోట జిగురు చాల్లేదని అర్థం. చుట్టిన కర్రను పాలిథీన్ పరిచిన గట్టి దూలంమీద వెదురు పైకి ఉండేలా పెట్టి, నడుమ క్లాంపుతో బిగించి, రెండు కొనల కింద 2 అంగుళాల దిమ్మలు దూర్చండి. కొనలు గురివైపు వంగి గట్టిపడతాయి. విప్పాక అందులో కొంత వెనక్కి పోతుంది, మిగిలింది చాలు. ఒక రోజంతా కదపొద్దు. తర్వాత పొట్టవైపు 8 అంగుళాల పిడి దిమ్మ అతికించండి. నడుమ 4 పిడి, అటూ ఇటూ రెండేసి అంగుళాలు వాలు. వాలు చివర కాగితంలా పల్చబడకపోతే వంగినప్పుడు దిమ్మ టపీమని ఊడుతుంది.

కొనల దగ్గర నారి గాడిని వెదురులోకి కోయొద్దు, అక్కణ్నుంచే చీలుతుంది. కొనమీద ఒకటిన్నర అంగుళం గట్టి కర్ర ముక్క అతికించి, 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయితో గాడిని ఆ ముక్కలో తీయండి. వెదురు అంచులన్నీ సాండ్‌పేపర్‌తో గుండ్రంగా మొద్దు చేయాలి.

ఇక వంపు సరిచేయడం, అంటే టిల్లరింగ్. ఇక్కడి నుంచి వెదురు జోలికి పోవద్దు, గీకేదంతా పొట్టవైపే. గోడకు పిడి పట్టే కొయ్య బిగించి, కింద కప్పీ, దాని గుండా తాడు, తాడుకు వేలాడే డిజిటల్ కాటా పెట్టుకోండి. కాటా కిలోల్లో చూపిస్తుంది కాబట్టి మీ హద్దు 20.4. ఏ దశలోనూ దాన్ని దాటి లాగకూడదు. వంపు ఎంత తక్కువగా ఉన్నా ఆ అంకె రాగానే ఆపి, గీకి, మళ్లీ లాగాలి. మొదట పొడవైన నారితో లాగి, విల్లు రెండు చేతులూ, అంటే పిడికి అటూ ఇటూ వంగే భాగాలు, సమానంగా వంగుతున్నాక నారికీ పిడికీ మధ్య 3 అంగుళాల దూరం ఉండేలా నారి ఎక్కించండి, తర్వాత 6 ఉండేలా. గీకిన ప్రతిసారీ పాతిక సార్లు సగం దూరం లాగితేగాని తీసిన కర్ర ప్రభావం బయటపడదు. ఈ ఓపిక లేక ఒకేసారి గీకేసినవాళ్ల విల్లు 30 పౌండ్ల దగ్గర తేలుతుంది.

కంటికి దొరకని బిగువును ఒక చిన్న దిమ్మ పట్టిస్తుంది. 6 అంగుళాల చదును ముక్క నడుమ రంధ్రం చేసి పెన్సిల్ దూర్చండి. విల్లును వంచి నిలిపి, బాగా వంగే చోట దిమ్మను పొట్టకు ఆనించి, పెన్సిల్ మొన వెంట్రుకవాసిలో తగలకుండా సర్ది బిగించండి. తర్వాత దిమ్మను పొట్ట పొడవునా జరిపితే సరిగా వంగని చోట మొన తగిలి గీత పడుతుంది. గీత ఉన్నచోటే గీకండి. ఒకేచోట మడతలా వంగుతుంటే అక్కడ పెన్సిల్‌తో ఇంటూ కొట్టి దాన్ని వదిలి, అటూ ఇటూ తీయండి.

నారి ఎక్కించి ఉన్నప్పుడు పైచేతి నడుమ నారికీ పొట్టకూ మధ్య దూరం కింది దానికంటే 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఎక్కువుంటే మంచిది. పైవేళ్ల కంటే కిందివేళ్లు ఎక్కువ లాగుతాయి కాబట్టి కింది చెయ్యి కాస్త బిగువుగా ఉండాలి. 27 అంగుళాల దగ్గర కాటా 20.4 కిలోలు చూపిస్తుంటే గీకడం ఆపేయండి. సాండ్‌పేపర్, తొలి వంద బాణాలు కలిసి కాస్త బలం తింటాయి.

పొట్టమీద అడ్డంగా సన్నటి గీతలు కనబడితే అది నలుగుడు, బాగుపడదు. గీతలకు అటూ ఇటూ ఉన్న కర్ర గీకి బలం తగ్గించుకుంటే అక్కడితో ఆగవచ్చు. కణుపు దగ్గర చిన్న పీచు లేస్తే పల్చటి సూపర్ గ్లూ పోసి, దారం చుట్టి, మళ్లీ జిగురు తడపండి. జిగురుగీత వెంట సందు తెరుచుకుంటే మాత్రం నారి దించేయండి, అది పూర్తిగా ఊడేదే.

నారికి డాక్రాన్ అనే పాలిస్టర్ దారం 14 పోగులు సరిపోతాయి. పూతకు టంగ్ ఆయిల్ మూడు నాలుగు పొరలు. బాణం లేకుండా నారి వదలొద్దు. మే నెలలో తలుపులు మూసిన కారులో విల్లు వదిలితే ఎపాక్సీ మెత్తబడుతుంది, ముందుకు తెచ్చుకున్న వంపు మొత్తం ఒక్క మధ్యాహ్నంలో పోతుంది.