బండి కాగితాల కన్నా ముందు డ్రైవర్ కళ్లు చూడండి

విజయవాడ ఆటోనగర్‌లో మా ఇంటి లారీల కాగితాల పనంతా నాదే. కొత్తగా బండి కొన్నవాళ్లు పర్మిట్ గురించీ ట్యాక్స్ గురించీ అడుగుతారు. నేను మాత్రం డ్రైవర్ దగ్గర మొదలుపెట్టమంటాను.

ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్, అంటే కిరాయి బండ్లు తోలే లైసెన్స్, 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. పెట్రోలు, గ్యాస్ ట్యాంకర్లు తోలేవాళ్లకు 3 ఏళ్లే. గడువు దాటి ఏడాది గడిచిందంటే మళ్లీ డ్రైవింగ్ టెస్టుకు వెళ్లాల్సిందే. రెన్యువల్‌కి ఫారం 1ఏ కావాలి, అంటే డాక్టర్ చూసి సంతకం పెట్టే మెడికల్ సర్టిఫికెట్. మనిషిని చూడకుండానే ఈ కాగితం ఇప్పిస్తామనేవాళ్లు తగులుతారు. దయచేసి ఆ పని చేయకండి. పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి నంబర్ ప్లేటు గుర్తుపట్టగలడా, రేచీకటి ఉందా, హారన్ వినపడుతుందా అని ఆ ఫారం అడుగుతుంది. రాత్రంతా హైవే మీద లోడు తోలే మనిషికి ఇందులో అనవసరమైన ప్రశ్న ఒక్కటీ లేదు.

డాక్టర్ దగ్గరికి పంపే ముందు షెడ్డులోనే ఒకసారి చూసుకోండి. 25 మీటర్లు టేపుతో కొలిచి, ఒక కన్ను మూయించి ప్లేటు చదివించండి, తర్వాత రెండో కన్ను. ఎదురు లైట్లు పడితే రోడ్డు ఎంతసేపటికి కనిపిస్తోందో అడగండి. షుగర్ ఉంటే ఏటా కంట్లో మందు వేసి లోపల రెటీనా చూడమని డాక్టర్‌కి చెప్పండి. కొన్ని షుగర్ మందులు వేసుకుని తినకుండా బయల్దేరితే కళ్లు తిరుగుతాయి. అందుకే క్యాబిన్‌లో బిస్కెట్లు, గ్లూకోజ్ ఉంచండి.

ఇక్కడ ఓనర్ మాటే ముఖ్యం. షుగర్ ఉందంటే పని పోతుందని డ్రైవర్లు దాచేస్తారు. ‘అద్దాలు పెట్టుకుంటే ఉద్యోగం పోదు, అద్దాల డబ్బు నేనిస్తా’ అని మీరే ముందు చెప్పండి. మా డ్రైవర్లకు నేను ఇలాగే చెప్పాను. ఇప్పుడు వాళ్లే వచ్చి, ‘అక్కా, రాత్రిళ్లు మసకగా ఉంటోంది’ అంటున్నారు. ఒంట్లో బాగాలేదని తెలిసీ బండి తోలితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 186 కింద మొదటిసారి వెయ్యి రూపాయల వరకు ఫైన్ ఉంది. నా దృష్టిలో అసలు నష్టం ముందు ఆ ఫైన్ ఎంత!

ఇక బండి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) బండికి 8 ఏళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. ఎఫ్‌సీకి వెళ్లే ముందు బ్రేకులు, లైట్లు, వైపర్లు, వేగాన్ని హద్దులో ఉంచే స్పీడ్ గవర్నర్ చూసుకోండి. రిఫ్లెక్టర్ టేపు ముందు తెలుపు, వెనక ఎరుపు, పక్కల పసుపు ఉండాలి. ఇన్సూరెన్స్, పొల్యూషన్, పర్మిట్ గడువులన్నీ ఒకే క్యాలెండర్‌లో రాసి గోడకు తగిలించండి. ఓవర్‌లోడ్‌కి 20 వేల ఫైన్, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2 వేలు. ఆ కిరాయి వదులుకోవడమే మేలు.

చిన్న బండ్లవాళ్లకు ఒక మాట: లోడుతో కలిపి 7,500 కిలోల లోపు ఉండే బండికి ఎల్‌ఎంవీ (కారు లాంటి తేలికపాటి బండ్ల) లైసెన్స్ చాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది.

దారిలో డ్రైవర్ మారాల్సి వస్తే తాళాలు ఇచ్చే ముందు కొత్తవాడి లైసెన్స్ నంబర్ తెప్పించుకుని ప్రభుత్వ వెబ్‌సైట్ పరివాహన్‌లో చూడండి. లైసెన్స్ లేనివాడికి బండి ఇస్తే ఓనర్‌కే 5 వేల ఫైన్, జైలు కూడా పడొచ్చు.