పాత పికప్‌కు 12 వోల్టుల విద్యుత్తు – మూడవ పాఠం: ఏవి మార్చాలి, ఏవి అలాగే ఉంచాలి

మొదటి పాఠంలో 6 వోల్టుల బండి వైరింగు పటాన్ని గీసుకున్నాము. రెండవ పాఠంలో చాసిస్, ఇంజను, బాడీల మధ్య ఉన్న ఎర్తు తీగలన్నిటినీ విప్పి, తుప్పు గీకి, తిరిగి బిగించాము. ఆ పని పూర్తి చేయనివారు ఈ పాఠం మొదలుపెట్టవద్దని నా మనవి. సెల్ఫ్ మోటరు బరువుగా తిరగడానికి, హెడ్‌లైట్లు మసకగా వెలగడానికి చాలా బండ్లలో అసలు కారణం 6 వోల్టులు కాదు, చెడిపోయిన ఎర్తు. పాత దళసరి బ్యాటరీ కేబుల్ పాడైనప్పుడు దాని స్థానంలో ఈనాటి కార్లకు వాడే సన్న కేబుల్ వేయడం మరొక కారణం. 6 వోల్టుల సెల్ఫ్‌కు సుమారు 70 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ కావాలి. బండి అప్పుడప్పుడు ప్రదర్శనకు మాత్రమే కదిలేదైతే, వైరింగు ఆరోగ్యంగా ఉంటే, 6 వోల్టులలోనే ఉంచడం మేలు.

రోజువారీ వాడకానికి మాత్రం మార్పు అవసరమే. నల్లగొండలోగానీ మహబూబ్‌నగర్‌లోగానీ దుకాణంలో 6 వోల్టుల బ్యాటరీ అడిగితే, పాత రాజ్‌దూత్, యెజ్డీ మోటర్‌సైకిళ్లకు సరిపోయే చిన్నది చూపిస్తారు. ట్రక్కు సెల్ఫ్‌ను తిప్పగలిగినదాన్ని, దానికి తగ్గ బల్బులను దూరం నుంచి తెప్పించుకోవాలి.

ఇక లెక్క. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, సన్న తీగ చివర ఉన్న బోరు మోటరు ఎందుకు మూలుగుతుందో మన రైతులందరికీ తెలుసు: తీగలో ప్రవహించే ఆంపియర్లు పెరిగినకొద్దీ దారిలోనే వోల్టులు ఖర్చయిపోతాయి. బండిలోనూ జరిగేది ఇదే. 45 వాట్ల హెడ్‌లైటు 6 వోల్టుల దగ్గర 7.5 ఆంపియర్లు తీసుకుంటే, 12 వోల్టులకు తయారైన 45 వాట్ల బల్బు 3.75 ఆంపియర్లే తీసుకుంటుంది. ప్రవాహం సగమైతే అదే తీగలో వృథా అయ్యే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. అందువల్ల నూలు అల్లిక చెదరకుండా, లోపలి రబ్బరు పగలకుండా, కొట్టంలో ఎలుకలు కొరకకుండా మిగిలిన పాత తీగలను మార్చనవసరం లేదు. ప్రవాహం సగమైన చోట ఫ్యూజు విలువ కూడా దాదాపు సగానికి తగ్గించాలి. పాత ఫ్యూజునే ఉంచితే అది కాపాడవలసిన సమయంలో కాపాడదు.

దీనికి రెండో వైపు కూడా ఉన్నది. 6 వోల్టులకు తయారైన వస్తువునే తీసుకువెళ్లి 12 వోల్టులకు కలిపితే, దాని నిరోధం మారదు కాబట్టి ప్రవాహం రెట్టింపు అవుతుంది, వేడి నాలుగింతలు అవుతుంది. బండిలోని ప్రతి వస్తువు ముందూ నిలబడి, ఇది నాలుగింతల వేడిని ఎంతసేపు భరించగలదని అడగడమే ఈ పాఠంలో మన పని.

బల్బులు భరించలేవు, అన్నీ మార్చాలి. ఇండికేటర్ ఫ్లాషర్ కూడా అంతే. హారన్ కొన్ని క్షణాలే మోగుతుంది కనుక కొంతకాలం బతుకుతుంది, కానీ దాని రిలే కాయిల్ మార్చడం మంచిది. వాల్వుల రేడియో ఉంటే తీగ విప్పి చుట్టిపెట్టండి. ఆయిల్ ప్రెషర్ గేజి సన్న గొట్టంతో పనిచేసేదైతే దానికి కరెంటుతో సంబంధమే లేదు. ఇంజను లాగే గాలితో నడిచే వైపరుకూ అంతే.

సెల్ఫ్ మోటరు గురించి చాలామంది భయపడతారు. అది కొద్ది సెకన్లే తిరుగుతుంది కనుక 12 వోల్టులను తట్టుకుంటుంది. వేగంగా తిప్పుతుంది కూడా. అయితే దాని పళ్లచక్రం ఫ్లైవీల్ రింగును బలంగా తాకుతుంది కాబట్టి, ఇంజను పూర్తిగా ఆగకముందే మళ్లీ సెల్ఫ్ కొట్టే అలవాటు మానాలి. కాలితో తొక్కే సెల్ఫ్ స్విచ్ అయితే మార్పు అక్కరలేదు. బటన్‌తో పనిచేసే సొలినాయిడ్ (విద్యుత్ అయస్కాంతంతో కదిలే స్విచ్) అయితే 12 వోల్టులది వేయాలి.

అతి జాగ్రత్తగా చూడవలసింది ప్లగ్గులకు నిప్పురవ్వను ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్. మీటరును ఓమ్‌లలో పెట్టి, కాయిల్ మీది రెండు చిన్న టెర్మినళ్ల మధ్య కొలవండి. ఉదాహరణకు 1.5 ఓమ్‌లు వచ్చిందనుకుందాం. 6 వోల్టుల దగ్గర, డిస్ట్రిబ్యూటరులో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే పాయింట్లు మూసుకొని ఉన్నప్పుడు 4 ఆంపియర్లు పారుతాయి. పాయింట్ల టంగ్‌స్టన్ ముఖాలకు ఇది దాదాపు హద్దు. అదే కాయిల్‌ను నేరుగా 12 వోల్టులకు కలిపితే 8 ఆంపియర్లు పారి, పాయింట్లు త్వరగా మాడిపోతాయి, కాయిల్ లోపలి నూనె కాగిపోతుంది. దీనికి రెండు దారులు. సుమారు 3 ఓమ్‌ల ప్రైమరీ (ఆ రెండు చిన్న టెర్మినళ్ల మధ్య ఉన్న తీగచుట్టు) ఉన్న 12 వోల్టుల కాయిల్ వేసుకోవడం ఒకటి, 12.6 వోల్టులను 3తో భాగిస్తే 4.2 ఆంపియర్లు, అంటే పాత ప్రవాహమే. పాత కాయిల్‌ను ఉంచి, దాని ముందు ప్రవాహాన్ని తగ్గించే 1.5 ఓమ్‌ల బ్యాలస్ట్ రెసిస్టరును కలపడం రెండవది. ఈ రెసిస్టరు 26 వాట్లకు పైగా వేడిని వెదజల్లగలదు కనుక పింగాణీ పెట్టెలో ఉన్నదాన్నే కొని, తీగలకు దూరంగా ఇనుప గోడకు బిగించాలి. మే నెలలో మన జిల్లాల ఎండకు బానెట్ కింద ఎంత వేడి ఉంటుందో మరచిపోకూడదు.

రెండవ దారిలో ఒక లాభం ఉన్నది. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ 9, 10 వోల్టులకు దిగుతుంది. ఆ కొద్ది క్షణాలు సొలినాయిడ్ నుంచి ఒక తీగ రెసిస్టరును దాటించి కాయిల్‌కు నేరుగా విద్యుత్తు ఇచ్చేటట్లు అమర్చితే, నిప్పురవ్వ బలంగా పడుతుంది. ఆ ఏర్పాటు లేని బండికి మాత్రం 3 ఓమ్‌ల కాయిలే సులువు. నేను సూచించేదీ అదే. పాయింట్లకు కలిసి ఉండే కండెన్సరును మార్చనవసరం లేదు.

ఎర్తు దిక్కును, అంటే బ్యాటరీ ఏ కొన చాసిస్‌కు కలిసి ఉన్నదో, గమనించండి. విల్లీస్ బండ్లు 6 వోల్టుల కాలంలోనూ నెగటివ్ ఎర్తువే. 1955 నమూనా వరకు ఫోర్డు పికప్‌లు 6 వోల్టులతో, పాజిటివ్ ఎర్తుతో వచ్చాయి. 1956 నుంచి 12 వోల్టులకు, నెగటివ్ ఎర్తుకు మారాయి. 1950ల తొలినాళ్ల డాడ్జ్, ఫార్గో ట్రక్కులూ పాజిటివ్ ఎర్తువే. డైనమోకు బదులు బ్యాటరీని నింపబోయే ఆల్టర్నేటరు కోసం మనం నెగటివ్ ఎర్తుకు మారుతున్నాము కనుక, అలాంటి బండ్లలో కాయిల్ మీది రెండు చిన్న తీగలను తారుమారు చేయాలి: డిస్ట్రిబ్యూటరుకు వెళ్లేది నెగటివ్ టెర్మినల్‌కు రావాలి. ఇది చేయకపోయినా ఇంజను స్టార్ట్ అవుతుంది కానీ, ప్లగ్గు మధ్య కడ్డీకి నెగటివ్ రాక, నిప్పురవ్వ పుట్టడానికి ఎక్కువ వోల్టేజీ కావలసి వస్తుంది. ఆమ్మీటరు వెనుక తీగలనూ అలాగే మార్చండి, లేకపోతే ముల్లు తలకిందులుగా కదులుతుంది. సెల్ఫ్ మోటరు శాశ్వత అయస్కాంతాలకు బదులు ఫీల్డ్ చుట్లు (అయస్కాంతంగా పనిచేసే తీగచుట్లు) ఉన్నది కాబట్టి ధ్రువాలు మారినా అదే దిక్కున తిరుగుతుంది.

పెట్రోలు గేజికి మామూలు రెసిస్టరు పెట్టవద్దు. ట్యాంకులోని మట్టం మారినప్పుడల్లా ఆ దారిలో ప్రవాహం మారుతుంది, దానితో రెసిస్టరులో పడే వోల్టులూ మారి, ముల్లు అబద్ధం చెబుతుంది. ఎలక్ట్రానిక్స్ దుకాణాలలో తక్కువ ధరకు దొరికే 7806 అనే మూడు కాళ్ల రెగ్యులేటరు, లోపలికి సుమారు 8 నుంచి 35 వోల్టుల మధ్య ఎన్ని వచ్చినా 6 వోల్టులే బయటికి ఇస్తుంది. దాని వెనుక రేకు ఎర్తుకు కలిసి ఉంటుంది కనుక నెగటివ్ ఎర్తు బండిలో డ్యాష్‌బోర్డు లోహానికే బిగించవచ్చు.

ఇప్పుడు డైనమో తీగలను విప్పి, కొనలకు టేపు చుట్టండి. ఫ్యాను బెల్టును బిగువుగా పట్టుకునేది అదే కనుక డైనమోను మాత్రం తీయవద్దు. తీసిన ప్రతి పాత భాగాన్నీ చీటీ కట్టి దాచండి. తరువాతి యజమాని బండిని తొలి రూపానికి తీసుకురావాలనుకుంటే అవి కావాలి.

12 వోల్టుల బ్యాటరీని కలిపే ముందు, దాని పాజిటివ్ కొనకూ కేబుల్‌కూ మధ్య 21 వాట్ల బల్బును వరుసలో పెట్టండి. అన్ని స్విచ్‌లూ ఆపి ఉండగా బల్బు వెలిగితే ఎక్కడో తీగ ఎర్తుకు తగులుతున్నట్లే. ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ అది ఏ దారిలో ఉన్నదో పట్టుకోండి. బల్బు వెలగకపోతే దాన్ని తీసి కేబుల్ బిగించండి. పాయింట్లు మూసుకొని ఉన్న స్థితిలో తాళం తిప్పి, కాయిల్ పాజిటివ్ టెర్మినల్‌కూ ఎర్తుకూ మధ్య కొలవండి: రెసిస్టరు వాడినవారికి సుమారు 6 వోల్టులు, 3 ఓమ్‌ల కాయిల్ వేసినవారికి 12కు దగ్గరగా రావాలి. కొలత అయిన వెంటనే తాళం ఆపండి. ఆ తరువాత ఇంజనును ఐదు నిమిషాలు నడిపి చూడవచ్చు. ఆల్టర్నేటరు బిగించే నాలుగవ పాఠం వచ్చేవరకు బ్యాటరీని బయటి ఛార్జరుతోనే నింపుకోవాలి.