వ్యాపారంలో ఒక భాగం మూసేస్తే పన్ను, 3వ పాఠం: మెషిన్లు అమ్మిన డబ్బు

పోయిన పాఠంలో మిగిలిన స్టాకు సంగతి చూశాం. ఈసారి మెషిన్లు. లెక్క ఎక్కువగా తప్పేది ఇక్కడే.

మన మిర్యాలగూడ ఉదాహరణే తీసుకుందాం. ఒకే యజమానికి రైస్ మిల్లు, పక్కనే పల్లీ నూనె మిల్లు. నూనె మిల్లు మూసేసి మెషిన్లు 8 లక్షలకు అమ్మాడు. తరుగుదల (మెషిన్ అరిగినందుకు ఏటా లాభంలోంచి తగ్గించుకునే మొత్తం) పోను వాటి విలువ 3 లక్షలేనని అతని లెక్క. మరి 5 లక్షల లాభం మీద పన్ను కట్టాలా అని టెన్షన్.

అక్కర్లేదు. పన్ను చట్టం ఒక్కో మెషిన్‌ను విడిగా చూడదు. ఒకే తరహా ఆస్తులు, తరుగుదల రేటు కూడా ఒకటే అయితే, అన్నీ కలిపి ఒక కుప్ప. ఆడిటర్లు బ్లాక్ అనేది దీన్నే. రెండు మిల్లుల మెషిన్లూ 15 శాతం బ్లాకులోవే. ఏడాది మొదట్లో ఆ బ్లాక్ విలువ 20 లక్షలు అనుకోండి. అందులోంచి 8 తీసేస్తే 12 లక్షలు. ఈ ఏడాది తరుగుదల 1.80 లక్షలు. అమ్మకపోతే 3 లక్షలు వచ్చేది. అంటే పన్ను తప్పిపోలేదు, ఏటా తగ్గే తరుగుదల రూపంలో మెల్లగా కడతాడు.

అవే మెషిన్లు 22 లక్షలు పలికితే? రైస్ మిల్లు ఇంకా ఆడుతున్నా సరే, బ్లాక్ సున్నా. ఆ ఏడాది తరుగుదల లేదు. పైన మిగిలిన 2 లక్షలు 1961 చట్టం సెక్షన్ 50 ప్రకారం స్వల్పకాలిక మూలధన లాభం, అంటే ఆస్తి అమ్మితే వచ్చిన లాభం. పదేళ్లు వాడిన మెషిన్‌కి స్వల్పకాలికం ఏమిటని అడక్కండి, చట్టం అలాగే రాశారు. (2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమలు కాబట్టి సెక్షన్ నంబర్లు మారతాయి.)

ఇంకో మెలిక ఫర్నిచర్‌ది, దాని బ్లాక్ వేరు. లెక్కల్లో ఉన్న ఫర్నిచర్ అంతా నూనె మిల్లు ఆఫీసుదే. రైస్ మిల్లులో ఉన్నవి ఎవరో వదిలేసిన ప్లాస్టిక్ కుర్చీలు. 90 వేల విలువున్న ఫర్నిచర్ మొత్తం 30 వేలకు అమ్మితే బ్లాకే ఖాళీ. మిగిలిన 60 వేలు మూలధన నష్టం. దాన్ని బియ్యం లాభంలోంచి తగ్గించుకోవడం కుదరదు. మూలధన లాభం ఉంటే అందులోంచే. ఆ ఏడాది లేకపోతే, రిటర్న్ గడువులోగా వేసినవాళ్లు 8 ఏళ్ల దాకా ముందుకు తీసుకెళ్లవచ్చు. ఒక్క బీరువా అమ్మకుండా ఉంచుకుని రైస్ మిల్లులో వాడుకున్నా తరుగుదల ఆగేది కాదు.

అభ్యాసం: 22 లక్షలకు అమ్మిన ఏడాదిలోనే, మార్చి 31 లోపు, రైస్ మిల్లుకు 6 లక్షల కలర్ సార్టర్ (రంగు మారిన గింజల్ని ఏరే మెషిన్) కొన్నాడు. ఇప్పుడు మూలధన లాభం ఎంత? బ్లాకులో మిగిలేది ఎంత?