రోజుల పద్దు, 4వ పాఠం: పప్పు మాడిందా, మాడ్చారా?

రోజూ జరిగింది పద్దుగా రాసుకుని, అందులోంచి మన స్వభావాన్ని మనమే తెలుసుకోవడం ఈ పాఠాల పని. ఈసారి మీ పద్దుల్లో మనుషుల పేర్లు లెక్కపెట్టడం నేర్పుదామనుకున్నాను. మీరు పంపిన పేజీలు చదివాక ఆ పాఠం పక్కన పెట్టాను. పోయినసారి 14 రోజులు, రోజుకు మూడు పద్దుల చొప్పున రాయమన్నాను కదా: ఏ వేళ, ఏం చేశారు, ఎవరితో ఏ మాట. చాలామంది రాశారు, సంతోషం. కానీ సగం పుస్తకాల్లో సోమవారం నుంచి ఆదివారం దాకా ఒకే సిరా, ఒకే ఒరవడి. మధ్యలో ఎక్కడా చెయ్యి అలసిన గుర్తు లేదు, తొందర లేదు. అది ఏడు రోజుల రాత కాదు. ఆదివారం భోజనాలయ్యాక కూర్చుని ఒక్క బిగిన రాసింది.

తప్పు నాదీ ఉంది. ఎప్పుడు రాయాలో గట్టిగా చెప్పలేదు. రోజుకు పదికి ఎన్ని మార్కులో వేసుకోమని కూడా నేనే అన్నాను. దాదాపు అందరూ 6, 7 వేశారు. ఆ గడి కొట్టేయండి, దానివల్ల ఎవరి గురించీ ఏమీ తెలియదు.

ఆదివారం రాత ఎందుకు పనికిరాదో మాత్రం చెప్పాలి. మైకేల్ రాబిన్సన్, జెరాల్డ్ క్లోర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2002లో దీన్ని వివరంగా రాశారు. జరిగింది తాజాగా గుర్తున్నంతసేపు మనిషి ఆ జ్ఞాపకాన్ని చూసి చెబుతాడు. వివరాలు చెరిగిపోయాక, 'నేనిలాంటివాణ్ణి' అని తన మీద తనకున్న నమ్మకాన్ని చూసి చెబుతాడు. తనకు ఓపిక ఎక్కువ అనుకునేవాడు ఆదివారం కూర్చుని సోమవారాన్ని ఓపికగా గడిపినట్టే రాస్తాడు. మనం పద్దు రాసేదే ఆ నమ్మకం ఎంత నిజమో చూడటానికి. ఆ నమ్మకమే వచ్చి పద్దు రాసిపెడితే ఇక కొత్తగా తేలేదేముంది?

2004లో డేనియల్ కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం టెక్సస్‌లో 909 మంది ఉద్యోగినులతో రాయించినప్పుడు కూడా వారం సంగతులు అడగలేదు. నిన్న ఒక్కరోజుని ఘట్టాలుగా విడదీసి, ఒక్కో ఘట్టంలో ఎలా అనిపించిందో రాయమంది. ఇకమీదట మన గడువూ అదే: నిన్న. నేను పొద్దున్న కాఫీ తాగుతూ రాస్తాను. రాత్రి రాయడం నాకు పడదు, అలసటలో రోజంతా చెడ్డగానే కనిపిస్తుంది. మీకు రాత్రే వీలైతే రాత్రే రాయండి. ఒక రోజు తప్పిందా, ఆ పేజీ ఖాళీగా వదిలేయండి. తర్వాత నింపొద్దు.

పుస్తకమా ఫోనా అన్నది మీ ఇష్టం. ఎడమవైపు మార్జిను ఉంటే చాలు.

'మామూలే' అని రాసినవాళ్లకు ఒక మాట. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. అన్నాళ్లూ మజిలీలే. ఊరు, దారి, ఏరు, బస, దొరికే సామాన్లు. మామూలే అని రాయడానికి ఆయనకు మీకంటే ఎక్కువ అవకాశం ఉంది. ఆయన మాత్రం వెనక వచ్చే యాత్రికుడికి ఏది అక్కరకొస్తుందో అది రాసుకుంటూ పోయారు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్ర చదివితే, తాను ఎలాంటివాడో ఆయన చెప్పకపోయినా మనకు తెలుస్తుంది. కలం ఎక్కడ ఆగిందో చూస్తే చాలు.

ఇక నన్ను నిజంగా బాధపెట్టిన సంగతి.

'ఫోన్ చెయ్యడం మర్చిపోవడం జరిగింది.' 'ఆఫీసుకు ఆలస్యం అయింది.' 'అత్తయ్య దగ్గర మాట జారింది.' 'పెళ్లికి వెళ్లడం కుదరలేదు.' 'పప్పు మాడిపోయింది.' ఒక పేజీలో తొమ్మిది వాక్యాలుంటే ఏడు ఇలాంటివే. రోజంతా గడిచింది, అందులో మనిషి లేడు.

మన భాషలో జంట క్రియలు బోలెడు. పగిలింది, పగలగొట్టాను. చిరిగింది, చింపాను. మాడింది, మాడ్చాను. తడిసింది, తడిపాను. చెడింది, చెడగొట్టాను. మొదటిదాంట్లో వస్తువు తనంతట తాను అలా అయిపోతుంది. రెండోదాంట్లో చేసినవాళ్లు కనిపిస్తారు. రాసేటప్పుడు ఏది వాడాలో ఎవరూ ఆలోచించరు, చేతికి ఏది వస్తే అదే పడుతుంది. అందుకే అది స్వభావాన్ని చూపిస్తుంది. నేను నిజాయితీపరుణ్ణి అని మీరు రాసుకున్న వాక్యం కంటే, గ్లాసు గురించి రాసిన వాక్యం మీ గురించి ఎక్కువ చెబుతుంది.

జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వవేత్త ఇంగ్లీషు రాతల్లో 'నేను' లాంటి చిన్నచిన్న మాటల్ని లెక్కపెట్టి, రాసినవాళ్ల మనసు గురించి ఏళ్ల తరబడి పరిశోధించారు. ఆ లెక్క తెలుగులో అలాగే పెడితే తప్పుతుంది. మనం 'నేను' అననక్కర్లేదు. 'వెళ్లాను' అంటే చాలు, చివరి 'ను'లోనే నేను ఉన్నాను. తెలుగు పద్దులో మనిషిని వాక్యం మొదట్లో కాదు, చివర్లో వెతకాలి.

అలాగని 'అయింది'లన్నీ తప్పని అనుకోకండి. వాన పడింది, కరెంటు పోయింది, జ్వరం వచ్చింది, నిద్ర పట్టలేదు. ఇవి ఉన్నవి ఉన్నట్టే. కోపం వచ్చింది కూడా సరైన వాక్యమే. కోపం వస్తుంది, ఆపితే ఆగదు. కానీ పద్దు అక్కడితో ఆగకూడదు. ఒకాయన పేజీలో ఇలా ఉంది: 'సాయంత్రం కోపం వచ్చింది. బాబు తొందరగా పడుకున్నాడు.' ఈ రెండు వాక్యాల మధ్య ఏమైందని అడిగాను. బాబు చేతిలోంచి లెక్కల పుస్తకం లాక్కుని విసిరేశారట. పిల్లవాడు అన్నం తినకుండా పడుకున్నాడట. ఆయన అబద్ధం రాయలేదు, దాచాలనీ అనుకోలేదు. అడగగానే చెప్పారు. వాక్యాన్ని 'వచ్చింది' దగ్గర ముగించడంతో ఆ పుస్తకం విసిరిన చెయ్యి పద్దులోకి రాలేదు, అంతే. అలాంటివి ఆయన పుస్తకంలో ఇంకా నాలుగున్నాయి. వాటిని పూర్తి చేసి పంపారు. నాలుగూ సాయంత్రం ఏడు తర్వాతివే, నాలుగూ పిల్లవాడి మీదే. ఆఫీసులో వచ్చిన కోపం మాత్రం ఎక్కడా చేతిదాకా రాలేదు.

నా పుస్తకంలోని మాట 'కుదరలేదు'. ఒకే నెలలో 'అమ్మకు ఫోన్ చెయ్యడం కుదరలేదు' అని 11 సార్లు రాసుకున్నాను. పని ఒత్తిడి అనే నమ్మాను. ఆ 11 రాత్రుల పద్దులూ మళ్లీ చదివితే పక్కనే ఉన్నాయి: వార్తలు చూశాను, పక్కింటాయనతో మాట్లాడాను, ఊరికే కూర్చున్నాను. కుదిరింది, నేను చెయ్యలేదు. అమ్మ మోకాళ్ల నొప్పి గురించి చెబుతుంది, నా దగ్గర దానికి జవాబు ఉండదు. జవాబు లేని చోటికి నేను వెళ్లనని 46 ఏళ్లు వచ్చాక అలా తెలిసింది. తర్వాత చూసుకుంటే స్నేహితుడి పరామర్శ దగ్గరా అదే 'కుదరలేదు', చెల్లెలి అప్పుల విషయంలోనూ అదే.

దీనికి తలకిందులుగా రాసేవాళ్లున్నారు, వాళ్ల గురించి నాకు ఇంకా దిగులు. ఒకావిడ 14 రోజులూ ఏ రోజుది ఆ రోజే రాశారు, అందరికంటే శ్రద్ధగా. 'చారులో ఉప్పు ఎక్కువ వేశాను. గ్యాస్ బుక్ చెయ్యడం మర్చిపోయాను. పాపను అనవసరంగా కసిరాను.' తప్పులన్నీ 'ను'తోనే. మంచివేమో ఇలా: 'చుట్టాలు తృప్తిగా తిన్నారు. ఫీజు కట్టడం అయిపోయింది. మామయ్యగారికి తగ్గింది.' ఎవరు వండితే తిన్నారు? 14 మందికి ఆవిడే వండారు. బ్యాంకు దగ్గర ఎండలో నిలబడింది ఆవిడే. మూడు రాత్రులు మామయ్యగారి పక్కన కూర్చుని మందులు వేసిందీ ఆవిడే. ఆ పుస్తకం చదివితే ఇల్లు దానంతటదే నడుస్తున్నట్టూ, ఆవిడ అడ్డుపడుతున్నట్టూ ఉంది. దాన్ని అణకువ అనకండమ్మా. లెక్క తప్పింది, దిద్దాలి. '14 మందికి వండాను' అని రాయడం గొప్పలు చెప్పుకోవడం కాదు, ఆ రోజు జరిగింది అదే.

పాతకాలపు అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ లాగా గుణాల పట్టిక వేసుకోవచ్చా అని ముగ్గురు అడిగారు. ఆయన 13 గుణాలు రాసుకుని, వారానికి ఒకదాని మీద దృష్టి పెట్టి, తప్పు చేసినప్పుడల్లా గడిలో నల్లచుక్క పెట్టేవారు. అనుకున్నదానికంటే తనలో ఎక్కువ లోపాలున్నాయని ఆశ్చర్యపోయారు. అన్నిటికంటే క్రమబద్ధత ఆయన్ను ఎక్కువ సతాయించింది. మంచి పద్ధతే, కానీ ఇప్పుడే వద్దు. ఏ గుణం చూడాలో ముందే తేల్చుకుంటే అదే కనిపిస్తుంది. నా 'కుదరలేదు' ఆ 13 గడుల్లో దేంట్లోనూ పట్టేది కాదు.

అభ్యాసం ఈసారి పెద్దది. ఆదివారం రాతలు రాసినవాళ్లు మళ్లీ మొదలుపెట్టి 34 రోజులు రాయాలి. సరిగ్గా రాసినవాళ్లు ఇంకో 20 రోజులు. ఎలాగైనా 102 పద్దులు కావాలి, అంతకు తక్కువైతే స్వభావం గురించి ఏమీ అనకండి. రాసేటప్పుడు దిద్దుకోవద్దు, చేతికి వచ్చినట్టే రానివ్వండి. అన్నీ అయ్యాక మార్జినులో గుర్తు పెట్టండి: చేశాను అన్నవాటికి 'చే', అయింది అన్నవాటికి 'అ', వేరేవాళ్లు చేశారన్నవాటికి 'వా'. నేను మంచివి ఎర్ర సిరాతో, చెడ్డవి నీలంతో గుర్తు పెడతాను, లెక్క తొందరగా తేలుతుంది. ఆ తర్వాత ప్రతి 'అ' కిందా, చేసినవాళ్లు ఉంటే, వాళ్లతో వాక్యం తిరగరాయండి. ఎవరూ లేకపోతే అలాగే ఉంచండి.

అందులో మూడు వాక్యాలు, ఆ రోజు పక్కనున్న మనిషికి చదివి వినిపించండి. వాళ్లు 'కాదు, అప్పుడు నువ్వు...' అని మొదలుపెడితే అడ్డుపడకుండా విని, ఆ మాటలు వాళ్లన్నట్టే రాసుకోండి. పాత వాక్యాలు కొట్టేయొద్దు, పేజీలు చింపొద్దు. 5వ పాఠానికి మూడూ కావాలి: మొదట రాసింది, తిరగరాసింది, వాళ్లు చెప్పింది.