మడమ లేస్తోందా, పిక్క పట్టేస్తోందా, మర్నాడు మెట్లు దిగలేకపోతున్నారా?

వ్యాయామం చేసి ఒంట్లో ఎక్కడ నొప్పిగా ఉంటే అక్కడ రుద్దేసి ఊరుకుంటాం. దానికన్నా ముందు చూసుకోవాల్సింది, ఇబ్బంది సరిగ్గా ఎప్పుడు వస్తోందన్నది. కిందికి దిగేటప్పుడా, సెట్ (ఆగకుండా వరసగా చేసే ఒక విడత) మధ్యలోనా, మర్నాడా? సగం జవాబు అందులోనే ఉంటుంది.

సమస్య: స్క్వాట్‌లో (గుంజీలా కూర్చుని లేచే వ్యాయామంలో) కిందికి వెళ్లగానే మడమలు లేస్తున్నాయి

తొడల్లో బలం లేదని చెప్పేవాళ్లే ఎక్కువ, నాకైతే ముందు చీలమండ మీదే అనుమానం. లోతుగా కూర్చోవాలంటే మోకాలు పాదం మీదుగా ముందుకు జరగాలి, చీలమండ అంత వంగకపోతే మడమ లేస్తుంది, లేదంటే నడుము మరీ ముందుకు వాలిపోతుంది.

ఇప్పుడే పరీక్షించుకోండి. గోడకి ఎదురుగా ఒక మోకాలు నేలకి ఆనించి కూర్చుని, ముందున్న కాలి బొటనవేలు గోడకి 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, మడమ నేల వదలకుండా ఆ ముందు కాలి మోకాలితో గోడని తాకి చూడండి. చాలా దూరంలో ఆగిపోయినా, రెండు కాళ్లకీ బాగా తేడా ఉన్నా పని అక్కడ మొదలుపెట్టాలి. పట్టేసినట్టు పిక్కలో తెలుస్తుంటే రోజూ సాగదీయండి, అదీ మోకాలు వంచి. ఎందుకంటే పిక్క లోపలివైపు ఉండే సోలియస్ కండరం మోకాలిని దాటి పైకి పోదు, కాలు నిటారుగా పెడితే పైనున్న గాస్ట్రాక్నీమియస్ ముందే బిగుసుకుని దాని వంతు రానివ్వదు. అలా కాక చీలమండ ముందువైపు ఏదో నొక్కుకున్నట్టుంటే అది కీలు సంగతి, ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి. ఈలోగా మడమల కింద జిమ్‌లో ఉండే పలచటి బరువు ప్లేట్లు పెట్టుకుని చేయండి, అందులో తప్పేమీ లేదు.

సమస్య: మొదటి సెట్ బాగానే ఉంది, రెండో సెట్ సగంలోనే చేతులెత్తేస్తున్నారు

ఇది చాలావరకు రెస్ట్ చాలకపోవడమే. బరువైన సెట్‌కి తక్షణ శక్తి కండరంలో నిల్వ ఉండే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం నుంచి వస్తుంది, గట్టిగా శ్రమపడితే అది కొద్ది సెకన్లలోనే చాలా తగ్గిపోతుంది, మళ్లీ నిండడానికి నిమిషాలు పడుతుంది. పెద్ద బరువులకి 3 నుంచి 5 నిమిషాలు ఆగండి.

సమస్య: ఆటలోనో పరుగులోనో పిక్క పట్టేస్తోంది

నీళ్లు, ఉప్పు ఒక్కటే కారణం అనుకోకండి. అలసిపోయిన కండరానికి నరాల నుంచి వచ్చే ఆదేశాలు అదుపు తప్పడమూ పెద్ద కారణమే. కాలు చాపి, పాదాన్ని మెల్లగా మీవైపు లాగి పట్టుకోండి, చాలాసార్లు అక్కడికక్కడే వదులుతుంది.

సమస్య: మర్నాడు మెట్లు దిగలేకపోతున్నారు

లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయిందనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది, దయచేసి నమ్మకండి. వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలోపే లాక్టేట్ (లాక్టిక్ యాసిడ్ ఒంట్లో ఉండే రూపం) మామూలు స్థాయికి వచ్చేస్తుంది, ఈ నొప్పి మాత్రం 24 నుంచి 72 గంటల మధ్యలో ముదురుతుంది. కండరం బరువుని ఆపుతూనే సాగాల్సి రావడం వల్ల, అంటే బరువు దించేటప్పుడు, వాలులో దిగేటప్పుడు, దాని పోగుల్లో సూక్ష్మంగా దెబ్బ తగులుతుంది. కొత్త వ్యాయామం మొదటిరోజు మీరు చేయగలిగిన దాంట్లో సగమే చేయండి. ఆ కొంచెంతోనే కండరం సర్దుకుంటుంది, తర్వాతి వారం అదే పనికి నొప్పి బాగా తగ్గుతుంది. అప్పటిదాకా నెమ్మదిగా నడవండి, మంచానికి అతుక్కుపోకండి.

కానీ విపరీతమైన నొప్పితో పాటు కండరం వాచి, మూత్రం కోలా రంగులో ముదురుగా వస్తుంటే అది మామూలు నొప్పి కాదు. దెబ్బతిన్న కండరం నుంచి రక్తంలోకి దిగినవి కిడ్నీలని పాడుచేయగలవు, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.